పసుపు డాలర్ వెనక ఉన్న కథ

యూట్యూబ్‌లో యాడ్స్ డబ్బులో వాటా అందుకునే ఛానెల్ వీడియో అప్‌లోడ్ చేశాక, ఆ వీడియో పేరు పక్కన చిన్న డాలర్ గుర్తు పడుతుంది. ఆకుపచ్చగా ఉంటే నిశ్చింత. పసుపుగా ఉంటే ఆ వీడియోకి యాడ్స్ కొన్నే వస్తాయి, ఒక్కోసారి అసలే రావు. అప్పీల్ చేసుకోవచ్చు, మనిషి చూసి ఆకుపచ్చ చేయవచ్చు కూడా. కానీ చాలా వీడియోలకు వ్యూస్ పోటెత్తేది మొదటి రెండు మూడు రోజుల్లోనే. అప్పీల్ గెలిచేసరికి ఆ పోటు తగ్గిపోతుంది. అప్పుడు పడని యాడ్స్ డబ్బు మళ్లీ రాదు. వారాలపాటు కూర్చుని ఎడిట్ చేసిన మనిషికి ఆ పసుపు చుక్క ఎంత గుబులు పుట్టిస్తుందో చెప్పనక్కర్లేదు.

ఈ చిక్కు యాడ్స్ అమ్మే పద్ధతిలోనే ఉంది. టీవీలో కంపెనీ ఒక కార్యక్రమాన్ని ఎంచుకుని, దాని మధ్యలో సమయం కొంటుంది. యూట్యూబ్‌లో ఎక్కువగా కొనేది ప్రేక్షకులను: ఫలానా వయసువాళ్లకు, ఫలానా ఆసక్తి ఉన్నవాళ్లకు చూపించు అంటుంది. ఏ వీడియో ముందు చూపించాలో యంత్రం అప్పటికప్పుడు తేలుస్తుంది. 2007లో పార్ట్‌నర్ ప్రోగ్రామ్ మొదలైనప్పుడు ఎంపిక చేసిన కొన్ని ఛానెళ్లకే యాడ్స్ డబ్బులో వాటా ఉండేది, కాబట్టి ఇబ్బంది రాలేదు. 2012లో ఆ తలుపులు బార్లా తెరిచారు. ఇక తన యాడ్ ఎవరి పక్కన కూర్చుంటోందో కొన్న కంపెనీకే తెలియని పరిస్థితి వచ్చింది.

మొదటి గొడవ 2016 వేసవి చివర్లో రేగింది. వార్తల మీద వీడియోలు చేసే ఫిలిప్ డిఫ్రాంకో, తన వీడియోలకు యాడ్స్ ఆపేశారని బయటపెట్టాడు. నియమాలేవీ మార్చలేదు, ఇప్పుడు సమాచారం ఇవ్వడం మొదలుపెట్టామంతే అని యూట్యూబ్ బదులిచ్చింది. నాకు ఆ జవాబే ఎక్కువ బాధ కలిగించింది. అంటే అంతకుముందు కూడా యాడ్స్ ఆగేవి, చేసినవాళ్లకు సరిగా తెలిసేది కాదు.

అసలు దెబ్బ 2017లో పడింది. పెద్ద కంపెనీల యాడ్స్ ఉగ్రవాద ప్రచార వీడియోల మీద వస్తున్నాయని లండన్ పత్రిక ది టైమ్స్ ఫిబ్రవరిలో రాసింది. మార్చిలో బ్రిటన్ ప్రభుత్వం, గార్డియన్ పత్రిక తమ యాడ్స్ ఆపేశాయి. ఆ వెంటే అమెరికాలో ఏటీ అండ్ టీ, వెరైజన్, జాన్సన్ అండ్ జాన్సన్ తప్పుకున్నాయి. అప్పట్లో యూరప్‌లో యూట్యూబ్ యజమాని గూగుల్ వ్యవహారాలు చూసిన మ్యాట్ బ్రిటిన్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. వీడియోలు చేసే క్రియేటర్లు దీనికి ‘యాడ్‌పోకలిప్స్’, అంటే యాడ్స్ ప్రళయం, అని పేరు పెట్టారు.

ఆ కంపెనీల భయాన్ని తప్పుపట్టలేను. తమ డబ్బు ఉగ్రవాదుల జేబులోకి వెళ్లాలని ఎవరు కోరుకుంటారు? కానీ దిద్దుబాటు భారం పడింది వేరేవాళ్ల మీద. టైటిల్‌నీ మాటలనీ బొమ్మలనీ జల్లెడ పట్టే యంత్రానికి, ఉగ్రవాదాన్ని పొగిడేవాడికీ దాన్ని వివరించేవాడికీ తేడా పట్టుకోవడం కష్టం. యుద్ధవార్తలు, చరిత్ర, మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడే ఛానెళ్లు పసుపులో పడ్డాయి.

చిన్నవాళ్లకైతే గోరుచుట్టు మీద రోకటిపోటే. 2017 ఏప్రిల్‌లో, ఛానెల్‌కి మొత్తం 10,000 వ్యూస్ వస్తేనే యాడ్స్ అన్నారు. ఆ డిసెంబర్ 31న లోగన్ పాల్ అనే పెద్ద యూట్యూబర్ జపాన్ అడవిలో ఆత్మహత్య చేసుకున్న మనిషి శవాన్ని వీడియోలో చూపించి దుమారం రేపాడు. రెండు వారాలు దాటగానే, 2018 జనవరి 16న, గడప ఇంకా ఎత్తు చేశారు: 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్ (జనం వీడియోలు చూసిన మొత్తం సమయం) ఉండాలి. దీనివల్ల పోయే ఛానెళ్లలో 99 శాతం ఏడాదికి 100 డాలర్లు కూడా సంపాదించడం లేదని యూట్యూబ్ సమర్థించుకుంది. మొత్తం చిన్నదే, నిజమే. కానీ మొదటి పది డాలర్లు చూసి ‘ఇది చేయగలను’ అనుకున్నవాళ్ల ఆశ ఆ లెక్కలోకి రాదు. పైగా లోగన్ పాల్‌కి ఫిబ్రవరిలో యాడ్స్ ఆపి, కొద్ది వారాలకే తిరిగి ఇచ్చారు.

2019లో పిల్లల వీడియోల కింద వచ్చే నీచమైన కామెంట్ల వల్ల నెస్లే, డిస్నీ వెనక్కి తగ్గాయి. అదే ఏడాది పిల్లల సమాచారం సేకరించినందుకు అమెరికాలో గూగుల్, యూట్యూబ్‌లకు 17 కోట్ల డాలర్ల జరిమానా పడింది. 2020 జనవరి నుంచి పిల్లల వీడియోలకు చూసేవాళ్ల ఇష్టాలను బట్టి చూపే యాడ్స్ ఆగిపోయాయి, ఆదాయం తగ్గింది.

ఎదిరించినవాళ్లూ ఉన్నారు. 2019లో జర్మనీ కార్మిక సంఘం ఐజీ మెటాల్, యూట్యూబర్లతో కలిసి ‘ఫెయిర్‌ట్యూబ్’ ఉద్యమం నడిపింది. ఏ నియమం ప్రకారం కోత పెట్టారో చెప్పండి, మాట్లాడటానికి ఒక మనిషిని చూపండి అన్నది వాళ్ల డిమాండ్. తమ వీడియోలను కట్టడి చేశారని అమెరికాలో కోర్టుకెక్కిన ప్రేగర్ యూనివర్సిటీకి (పేరుకే యూనివర్సిటీ, నిజానికి వీడియోలు చేసే సంస్థ) 2020లో అప్పీల్ కోర్టులో చుక్కెదురైంది: యూట్యూబ్ ప్రైవేటు సంస్థ, అమెరికా రాజ్యాంగంలోని వాక్‌స్వేచ్ఛ సవరణ దానికి వర్తించదని తీర్పు.

ఎక్కువమంది మాత్రం దారి మార్చుకున్నారు. యూట్యూబ్‌లోనే పాటలు పెట్టిన జాక్ కాంటే 2013లో మొదలుపెట్టిన పేట్రియాన్, ప్రేక్షకులే నెలనెలా డబ్బిచ్చే దారి చూపింది. వీడియో మధ్యలో తామే స్పాన్సర్ గురించి చెప్పడం మామూలైంది. వాటితోపాటే నోటికి తాళం కూడా వచ్చింది. ‘ఆత్మహత్య’ లాంటి మాట వచ్చే చోట శబ్దం తీసేయడం, టైటిల్‌లో అక్షరాల మధ్య చుక్కలు పెట్టడం. చావు గురించి శ్రద్ధగా చెప్పాల్సినవాళ్లు ఆ మాటే పలకలేకపోవడం నన్ను కలవరపెడుతుంది.

బూతుమాటలున్న వీడియోలకు యాడ్స్ తగ్గించే నియమం చూస్తే ఈ కథంతా కనిపిస్తుంది. 2022 నవంబర్‌లో దాన్ని బిగించి, పాత వీడియోలకు కూడా వర్తింపజేశారు. పచ్చగా ఉన్నవి పసుపయ్యాయి. గోల చేశాక 2023 మార్చిలో కొంత సడలించారు. 2025 జులైలో మొదటి ఏడు సెకన్లలో బూతుమాట ఉన్నా పూర్తి యాడ్స్ వస్తాయన్నారు. యాడ్‌కీ బూతుమాటకీ మధ్య ఎడం ఉండాలని కంపెనీలు ఆశించినందుకే ఆ నియమం పెట్టామని, ఇప్పుడు వాళ్లు కోరుకున్న రకం వీడియోలను ఎంచుకోగలరని యూట్యూబ్ వివరించింది.

ఆ మధ్యకాలంలో పసుపులో ఉండిపోయిన వీడియోల డబ్బు మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు.