ఆటిజానికీ ఇమ్యూనిటీకీ లింకు ఎలా వచ్చింది

అమలాపురం, భీమవరం వైపు పిల్లాడికి రెండేళ్ళు దాటినా మాట రాకపోతే ముందు వస నాకించమంటారు, తర్వాత వాళ్ళ తాతకీ ఐదేళ్ళకే వచ్చాయిలే అంటారు, ఇప్పుడు ఇంకోటి చేరింది, "ఇమ్యూనిటీ తక్కువండి, అది పెంచితే ఆటిజం తగ్గిపోద్ది" అని పౌడర్లు, డ్రిప్పులు, స్టెమ్ సెల్ (మూలకణాలు ఎక్కించే వైద్యం) ప్యాకేజీలు. ఈ మాట గాల్లోంచి పుట్టలేదు, వెనకాల యాభై ఏళ్ళ పైన రీసెర్చి ఉంది. కాకపోతే ఆ రీసెర్చి చెప్పింది ఒకటి, ఇక్కడ అమ్మేది ఇంకోటి.

1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాసి ఆటిజాన్ని విడిగా గుర్తించాడు. తర్వాత చాలా ఏళ్ళు తల్లి ప్రేమగా చూడకే ఇలా అయిందని నింద వేశారు (మన ఇళ్ళల్లో ఇప్పటికీ పోలేదు అది).

ఆ నిందని కదిపినవాటిలో రుబెల్లా ఒకటి. ఇది తట్టు లాంటి వైరస్ జబ్బు. 1964-65లో అమెరికా అంతా వచ్చింది, కడుపుతో ఉన్నవాళ్ళకి సోకి వేల మంది పిల్లలు చూపు, వినికిడి, గుండె సమస్యలతో పుట్టారు. న్యూయార్క్‌లో స్టెల్లా చెస్ అనే సైకియాట్రిస్టు అలాంటి 243 మందిని చూస్తే 10 మందిలో ఆటిజం, ఇంకో 8 మందిలో కొన్ని లక్షణాలు కనిపించాయని 1971లో రాసింది. అప్పట్లో లెక్క పదివేల మందికి నలుగురైదుగురు, అంటే ఇది ఎంత ఎక్కువో చూడండి.

1998లో వేక్‌ఫీల్డ్ అనే బ్రిటన్ డాక్టరు 12 మంది పిల్లలతో, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకా వల్ల ఆటిజం వస్తుందేమోనని అనుమానం రేపిన పేపరు లాన్సెట్ అనే మెడికల్ పత్రికలో వేశాడు, 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది, డెన్మార్క్‌లో 2019లో 6,57,461 మంది పిల్లల్ని చూసినా లింకు దొరకలేదు. ఈ గొడవలో, తల్లికి ఇన్ఫెక్షన్ వస్తే ఆమె ఇమ్యూనిటీ కడుపులో బిడ్డని ఏం చేస్తుందన్న అసలు రీసెర్చి వెనకబడిపోయింది. నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, రుబెల్లా రాకుండా ఆపేది ఆ టీకానే కదా! మన రాష్ట్రంలో తట్టు-రుబెల్లా టీకా క్యాంపెయిన్ 2017లోగానీ రాలేదు.

2005లో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళు ఆటిజం ఉండి చనిపోయిన 11 మంది మెదడు చూస్తే అక్కడి కాపలా కణాలు, మైక్రోగ్లియా అంటారు, రేగిపోయి ఉన్నాయి. 2007లో కాల్‌టెక్‌లో పాల్ ప్యాటర్సన్ టీమ్ కడుపుతో ఉన్న ఎలుకకి ఐఎల్-6 అనే ఇమ్యూన్ ప్రోటీన్ ఒక్క డోసు ఇస్తే పుట్టిన పిల్లల ప్రవర్తన మారింది, తల్లికి ఇన్ఫెక్షన్ లాంటిది తెప్పించి ఐఎల్-6ని అడ్డుకుంటే చాలావరకు మారలేదు. గమనించారా, ఇదంతా ఇమ్యూనిటీ తక్కువై కాదు, రేగి. అదీ ఎక్కువగా కడుపులో ఉన్నప్పుడు. మరి నాలుగేళ్ళ పిల్లాడికి "బూస్టర్" పోసి ఏం పెంచుతారు?

అలాగని వానాకాలంలో జ్వరం వచ్చిన ప్రతి గర్భిణీ భయపడక్కర్లేదు. 2010 డెన్మార్క్ స్టడీలో మొదటి మూడు నెలల్లో వైరల్ ఇన్ఫెక్షన్‌తో హాస్పిటల్లో చేరినవాళ్ళకి రిస్కు దాదాపు మూడు రెట్లు కనిపించింది, కానీ వాళ్ళలో కూడా చాలా మంది పిల్లలు మామూలుగానే ఉన్నారు. మళ్ళీ తల్లి మీదకే తోసేయడానికి ఇది పనికిరాదు.

స్టెమ్ సెల్ సంగతికొస్తే, ఆటిజానికి అది వాడమని చెప్పలేమని దేశంలో డాక్టర్ల మీద అజమాయిషీ చేసే నేషనల్ మెడికల్ కమిషన్ ఎథిక్స్ బోర్డు 2022లోనే చెప్పేసింది. లక్షలు కట్టే ముందు ఆ ముక్క డాక్టరుగారిని అడగండి, ఆ డబ్బుల్తో స్పీచ్ థెరపీ ఎన్ని నెలలు వస్తుందో కూడా లెక్కేసుకోండి.