బ్యాచ్‌కు నలుగురు, ప్రాజెక్టు ఒకరిది

నల్లగొండలో నేను బీటెక్ చదివినప్పుడు ఫైనలియర్ ప్రాజెక్టుకు మా బ్యాచ్‌లో నలుగురం. పని ఒకడిది, పైసలు ముగ్గురివి. అమీర్‌పేటలో కొన్న కోడు, స్పైరల్ బైండింగు, వైవాలో రెండు ప్రశ్నలు. అంతే.

సమస్యను ముందు పెట్టి జట్టుగా చదివించే ఈ పద్ధతి మొదలైంది ఇంజినీరింగ్‌లో కాదు, వైద్యంలో. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పాఠం ముందు, రోగి తర్వాత అనే వరసను తిరగేసింది. చిన్న జట్లుగా కూర్చోబెట్టి ముందు రోగి కేసు చేతికిచ్చారు. ఏం తెలియదో తేల్చుకుని, పంచుకుని చదువుకుని రావడం పిల్లల పని. 1974లో డెన్మార్క్‌లో పుట్టిన ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్‌తో సహా అన్నిటినీ ఈ పద్ధతి మీదే నిలబెట్టింది. అక్కడ సెమిస్టర్‌లో దాదాపు సగం ప్రాజెక్టుకే పోతుంది, వైవాకు జట్టంతా కలిసే కూర్చుంటుంది. 'ఎవరెంత చేశారో ఎట్లా తెలుస్తుంది?' అన్న పేచీ వాళ్లకూ తప్పలేదు. 2006లో అక్కడి ప్రభుత్వం గ్రూపు పరీక్షలే ఆపేసింది. కొన్నేళ్లకు మళ్లీ తెచ్చుకున్నారు.

మన దగ్గరికి ఇది ఫైలు దారిలో వచ్చింది. ఒక దేశపు ఇంజినీరింగ్ డిగ్రీల గుర్తింపును ఇంకో దేశం ఒప్పుకునే వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో భారత్ శాశ్వత సభ్యదేశమైంది. ఇక్కడ కోర్సులకు ఆ గుర్తింపునిచ్చేది ఎన్‌బీఏ అనే సంస్థ. అది కావాలంటే చూపాల్సిన లక్ష్యాల్లో జట్టుగా పనిచేయడం ఒకటి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో లేచిన కాలేజీల్లో అరవై మందికి ఒక్క సారు. ఆయన మాత్రం ఎన్ని జట్ల వెంట తిరుగుతాడు? కాలమ్ నింపి సంతకం పెట్టేవాడు.

నాకు నవ్వొచ్చే సంగతి ఇంకోటుంది. సమస్యను ముందు పెట్టుకుని పుట్టిన ఒక పద్ధతికి మా ఊరి పేరే ఉంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి 1970లలో నాగపూర్‌లోని పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు రూపొందించిన నల్లగొండ టెక్నిక్ అది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు వేసి కలియబెడితే తెల్లటి చిన్న ముద్దలు కట్టి అడుక్కు దిగుతాయి, ఫ్లోరైడ్‌లో కొంత వాటితోనే పోతుంది. పటిక మోతాదు ఫ్లోరైడ్ మీదే కాదు, నీటి క్షారత మీద కూడా ఆధారపడుతుంది. అంటే ఏ బోరుకు ఆ బోరు లెక్క వేరు. ఒక సెమిస్టర్ పాటు ఊళ్లు పంచుకుని తిరిగేంత పని ఉంది అందులో.

మేమది ఐదు మార్కుల జవాబుగా బట్టీ పట్టాం. క్లాసులో సగం మంది ఇళ్లల్లో తాగేది ఆ బోరు నీళ్లే. ఒక్క సీసా నీళ్లు కూడా ల్యాబ్‌కు తేలేదు.