పక్షవాతం తగ్గాక ఎగిరిపడే చెయ్యి

నర్సంపేట దగ్గరి మా పెద్దనాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి రెండు రోజులు బరువెక్కి, మెల్లగా బలం పుంజుకుంది. గండం గడిచిందనుకున్నారు. మూడో రోజు పొద్దున ఆ చెయ్యే దానంతటది విసురుగా ఎగిరిపడటం మొదలైంది. చాయ్ గ్లాసు అందుకోబోతే గ్లాసు పోయి గోడకు తగిలింది. మంచం పట్టెకు కొట్టుకుని మోచెయ్యి గీరుకుపోయింది. ఇంట్లోవాళ్లు తువ్వాలతో చేతిని మంచానికి కట్టేశారు. ఒకరు ఫిట్స్ అన్నారు, ఇంకొకరు గాలి సోకిందన్నారు.

"నిద్రలో కూడా కొట్టుకుంటుందా పెద్దమ్మా?" అని అడిగాను.

"లేదు బిడ్డా, పండుకుంటే ఆగుతది. లేస్తే మళ్ల షురూ."

పక్షవాతం తర్వాత చెయ్యి ఇలా ఎగిరిపడే జబ్బును (హెమిబాలిస్మస్) పట్టిచ్చే గుర్తుల్లో ఇదొకటి. ఫిట్స్ నిద్రలోనూ రావచ్చు. ఈ కదలికలు మాత్రం నిద్రలో చాలావరకు ఆగిపోతాయి, మనిషికి తెలివి కూడా పోదు. పక్షవాతం (స్ట్రోక్) వచ్చిన ప్రతి 100 మందిలో ఒకరి నుంచి నలుగురి దాకా ఏదో ఒక అసంకల్పిత కదలిక కనిపిస్తుంది. ఇలా విసిరేసే కదలికలు ఎక్కువగా తొలి రోజుల్లోనే వస్తాయి. వణుకు, కండరాలు మెలిపడటం నెలల తర్వాత కూడా రావచ్చు.

మెదడు లోతుల్లో మన కదలికలకు పగ్గం వేసే చిన్న చిన్న భాగాలున్నాయి. వాటిలో సబ్‌థాలమిక్ న్యూక్లియస్ గింజంత ఉంటుంది. అక్కడో, దాని చుట్టుపక్కలో రక్తం అందకపోతే పగ్గం వదులై, ఎదుటివైపు చెయ్యీ కాలూ అదుపు తప్పుతాయి. ఆ పగ్గాన్ని సడలించే రసాయనం డోపమిన్. అందుకే మందులు ఎక్కువగా దాని జోరునే తగ్గిస్తాయి. హాలోపెరిడాల్ డోపమిన్ పనిచేసే చోటును అడ్డుకుంటుంది. టెట్రాబెనజిన్ నరాల చివర్లో డోపమిన్ నిల్వ కాకుండా చేస్తుంది. క్లోనజెపామ్ దారి వేరు, అది నరాల ఉద్రేకాన్ని చల్లారుస్తుంది.

మందుకన్నా ముందు షుగర్ చూడాలి. షుగర్ బాగా పెరిగినా అచ్చం ఇలాగే ఒకవైపు చెయ్యీ కాలూ ఎగురుతాయి. అప్పుడు షుగర్ అదుపులోకి తేవడమే అసలు వైద్యం.

డాక్టరు రాసిన హాలోపెరిడాల్ చీటీ చూసి మందుల షాపులో ఎవరో "ఇది పిచ్చికి వాడేది" అన్నారు. పెద్దమ్మ ఆ మాత్ర పక్కన పెట్టేసింది. మళ్లీ నాలుగు రోజులు తువ్వాలే దిక్కయింది. నాకు చాలా బాధేసింది. మానసిక వ్యాధులకు వాడే మందే ఇక్కడ తక్కువ మోతాదులో కదలికలకు పనిచేస్తుందని ముందే ఎవరైనా రెండు ముక్కలు చెప్పి ఉంటే సరిపోయేది. అయితే భయపడాల్సిన సంగతులూ ఉన్నాయి. హాలోపెరిడాల్‌తో ఒళ్లు బిగుసుకుని నడక మందగించవచ్చు. టెట్రాబెనజిన్‌తో దిగులు, క్లోనజెపామ్‌తో మగత రావచ్చు. మగతలో రాత్రి బాత్రూంకు లేచి పడిపోయే వృద్ధులున్నారు. అందుకే కొంచెంతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. కండరం మెలిపడితే దారి వేరు, అక్కడ బోటాక్స్ ఇంజెక్షన్ పనికొస్తుంది. దాని ప్రభావం దాదాపు 3 నెలలుంటుంది.

చాలామందికి ఈ ఎగరడం వారాల్లో, నెలల్లో తనంతట తానే తగ్గుతుంది. అందుకే మాత్రను జీవితాంతం వాడాల్సిన పని తరచుగా ఉండదు. కానీ దాన్ని ఆపేది మనం కాదు, డాక్టరు. పెద్దనాయనకు మూడో నెలలో సగం చేశారు, తర్వాత పూర్తిగా ఆపేశారు. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర, బీపీ మాత్ర మాత్రం నడుస్తూనే ఉన్నాయి. రాత్రి అన్నం కాగానే పెద్దమ్మ వాటిని ఆ కుడి చేతిలోనే పెడుతుంది.