గుర్రపు గిట్ట చెక్కడం: అపోహలు - వాస్తవాలు

గిట్టలు చెక్కడం నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు మొదట అడిగేది కత్తి ఎలా పట్టుకోవాలని. లోపల ఎముక ఎక్కడుందని అడిగేవాళ్ళు తక్కువ. అసలు చిక్కంతా అక్కడే.

అపోహ: గిట్ట మన గోరు లాంటిదే, కోస్తే నొప్పేముంటుంది?

బయటి గోడ వరకే అయితే నిజమే. అదీ కెరటినే, దానికి నరాలు లేవు. ఆ గోడ వెనకే కాఫిన్ ఎముక, అంటే కాలి చిట్టచివరి ఎముక, ఉంది. రెంటినీ పట్టి ఉంచేవి లామినేలు: రెండు పుస్తకాల పేజీలను ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు ఇరుక్కున్న సుమారు 600 సన్నని పొరలు. ఎముక ఒకరకంగా గోడకు వేలాడుతూ ఉంటుంది. లామినైటిస్‌లో (లామినేలు వాచే జబ్బులో) ఈ పట్టే సడలి ఎముక తిరుగుతుంది, లేదా కిందికి దిగుతుంది. గోడ, అరికాలు కలిసేచోట కనిపించే వైట్ లైన్ ఈ అతుకుకు అద్దం. పేరుకే వైట్, నిజానికి పసుపురంగు. అది వెడల్పయిందంటే లోపలి పట్టును అనుమానించాలి.

అపోహ: అరికాలు నున్నగా మెరిసేదాకా చెక్కితేనే పని శుభ్రం.

ఈ తప్పు నేనూ చేశాను. కొత్తలో ఒక గుర్రానికి అరికాలు అద్దంలా చేసి మురిసిపోయాను. మర్నాడు అది గులకరాళ్ళ మీద అడుగు వేయలేక నిలబడిపోయింది. పొడిపొడిగా రాలిపోయే మృతపొర తీసి, గట్టి పొర తగలగానే ఆగాలి. బొటనవేలితో నొక్కితే అరికాలు వంగుతోందా, అది ఇప్పటికే పలచబడిపోయింది. ఇక కత్తి పెట్టకూడదు.

ఫ్రాగ్‌ (అరికాలి వెనకభాగంలో ఉండే త్రికోణపు మెత్తటి భాగం) విషయమూ అంతే. నేల పట్టునిచ్చేది, అదురును పంచుకునేది అదే. వేలాడే ముక్కలు, బురద ఇరుక్కునే సందులు మాత్రం తీస్తే చాలు.

అపోహ: తెల్ల గిట్ట మెత్తన, నల్ల గిట్ట గట్టి.

తేడా రంగులోనే.

అపోహ: ప్రతి గిట్టకూ ఒకటే కోణం.

కోణమానిని మెడలో వేసుకుని తిరిగేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. చూడాల్సింది గిట్ట ముందుగోడ, పైనున్న పాస్టర్న్ (గిట్టకూ చీలమండకూ మధ్య కాలి భాగం) ఒకే వాలులో ఉన్నాయా అని. మొన పొడవై మడమ కుంగితే ఆ వాలు వెనక్కి విరిగి, వెనక స్నాయువు మీదా గిట్ట లోపల వెనకవైపుండే చిన్న నావిక్యులర్ ఎముక మీదా భారం పెరుగుతుంది. ముందు గిట్టలు గుండ్రం, వెనకవి కాస్త కోసు. రెంటినీ ఒకేలా దిద్దాలని చూడకండి.

అపోహ: వంకర గిట్టను ఒక్కసారికే సరిచేయవచ్చు.

గోడ పెరిగేది వెంట్రుకలు ముగిసే కొరొనరీ బ్యాండ్ దగ్గర్నుంచి, నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు. మొన దగ్గర కొత్త గోడ నేలదాకా దిగడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. కాబట్టి 6 నుంచి 8 వారాలకోసారి కొద్దికొద్దిగా దిద్దాలి. పైన నూనె రాస్తే పెరుగుదల రాదు. మేతలో బయోటిన్ అనే విటమిన్ పెట్టినా మేలు కనిపించేది ఆ తర్వాత పెరిగే కొత్త గోడలోనే.

గిట్ట వేడిగా ఉండి, పాస్టర్న్ వెనక నాడి గట్టిగా కొట్టుకుంటుంటే మాత్రం ఆకురాయి కూడా ముట్టకండి. పశువైద్యుణ్ణి పిలవండి.