ఘాటు లేని దుమ్ము

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. వాయుసేనలో విమానాల చక్రాలు, బ్రేకులు చూసే మెకానిక్‌గా చేసి రిటైరయ్యారట. ‘ఆస్బెస్టాస్ లైనర్లు ముట్టుకుని ముప్పై ఏళ్లు దాటింది. ఆ దుమ్ము ఈపాటికి దగ్గులో పోయి ఉండదా?’ అని అడిగారు. (ఆస్బెస్టాస్ అంటే సన్నటి పోగులుగా విడిపోయే, మంటకు ఓర్చే రాయి. లైనర్లంటే దానితో చేసిన బ్రేకు పట్టీలు.)

దుమ్ము సంగతి గుంటూరు వాళ్లకు ఒకరు చెప్పాలా? మిర్చి యార్డులో అడుగు పెడితే చాలు, తుమ్ములు, దగ్గు, కళ్ల వెంట నీళ్లు. మిరపలోని క్యాప్సైసిన్ మన నరాల కొసల్లో వేడిని పసిగట్టే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. నిప్పు తగిలిందనుకుని ఒళ్లు దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఆస్బెస్టాస్‌కి ఘాటూ లేదు, వాసనా లేదు. పీల్చినవాడికి పీల్చినట్టే తెలియదు.

అసలు తమాషా ఆకారంలో ఉంది. 50 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మిరపపొడి రేణువు నిలకడ గాలిలో సెకనుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున దిగుతుంది. పీల్చినా ముక్కులోనే చిక్కుతుంది. అదే 50 మైక్రాన్ల పొడవు, అర మైక్రాను మందం ఉన్న ఆస్బెస్టాస్ పోగును తీసుకోండి. పోగు దిగే వేగాన్ని ముఖ్యంగా నిర్ణయించేది మందం, పొడవు కాదు. గాలి లెక్కలో అది ఒకటిన్నర, రెండు మైక్రాన్ల గుండ్రటి రేణువుతో సమానం. సెకనుకు మిల్లీమీటరులో పదో వంతు దిగుతుంది. నిలబడ్డ మనిషి ముఖం ఎత్తు నుంచి నేలకు చేరాలంటే, గాలి కదలకపోయినా, నాలుగు గంటలు! పొద్దున ఒకరు కంప్రెసర్ గాలితో బ్రేకు డ్రమ్ము దులిపి వెళ్లిపోతే, అదే హ్యాంగర్‌లో (విమానాల షెడ్డులో) మధ్యాహ్నం వైరింగు పని చేసే ఇంకొకరు ఆ పోగులు పీల్చవచ్చు. (బ్రేకు వేడికి చాలా పోగులు రూపం మారి పోగులు కాకుండా పోతాయి. అన్నీ కాదు. కొత్త లైనర్‌ని అరగదీసినప్పుడు, రంధ్రాలు వేసినప్పుడు ఆ మినహాయింపూ లేదు.)

బ్రేకులొక్కటే కాదు. ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య మంట ఆపే గోడ, ఎగ్జాస్టు గొట్టాలకు చుట్టిన గుడ్డ, గ్యాస్కెట్లు, వైర్ల తొడుగులు, చేతి గ్లవుసులు. మంటకు ఓర్చుకుంటుందనే దాన్ని ఎంచుకున్నారు. విమాన కర్మాగారాల్లో ఆ గుడ్డను కొలతకు కత్తిరించి, కుట్టిన కార్మికులకు దుమ్ము సరాసరి ముఖానికే.

ఇక ఊపిరితిత్తుల అడుగున. బడిలో ఊపిరితిత్తులంటే రెండు సంచుల బొమ్మ గీయిస్తాం. ఆ సంచుల్లో కాపలా కణాలు తిరుగుతుంటాయని మాత్రం చెప్పం. వాటి పేరు మాక్రోఫేజులు, వెడల్పు 15–20 మైక్రాన్లు. మిరప తునక అంతదాకా చేరినా అది మొక్క ముక్క, మింగేస్తాయి. 50 మైక్రాన్ల రాతి పోగును మింగబోతే కొసలు బయటే ఉండిపోతాయి. కణం నోరు మూయలేదు. పోగును కరిగించాలని పోసిన ఎంజైములు, చురుకైన ఆక్సిజన్ అణువులు పక్కకు కారి చుట్టూ ఉన్న కణజాలాన్నే కాలుస్తాయి. నీలి, గోధుమ ఆస్బెస్టాస్‌లలోని ఇనుము ఆ రసాయనానికి ఇంకాస్త ఆజ్యం. కాపలా కణం చచ్చిపోతుంది, పోగు మిగులుతుంది, ఇంకో కణం వస్తుంది. ఇలా దశాబ్దాలు. ఫలితం ఊపిరితిత్తి గట్టిపడే ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల పొరకు వచ్చే మెసోథీలియోమా అనే ఇంకో క్యాన్సర్. తెల్ల రకం త్వరగా విరిగిపోతుంది, నిజమే. అయినా అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

బెల్లం ముక్క తింటే దుమ్ము దిగిపోతుందని పనివాళ్ల నమ్మకం. బెల్లం వెళ్లేది కడుపులోకి. పోగు ఉన్నది వేరే గొట్టం చివర. విజయవాడ ఆటోనగర్ మెకానిక్కులు ముక్కుకు కట్టుకునే జేబురుమాలుకీ ఇంత సన్నటి పోగు ఆగదు. ప్యాకెట్ మీద ఆస్బెస్టాస్ లేదని రాసి ఉంటే తప్ప, డ్రమ్మును గాలితో కొట్టకుండా తడిగుడ్డతో తుడవడమే మేలు.

కాబట్టి బ్రాడీపేట పెద్దాయనకు జవాబు: దగ్గులో కొంత పోయి ఉంటుంది, అంతా కాదు. రోగం బయటపడడానికి 20 నుంచి 40 ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. 1995లో మన సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా రిటైరయ్యాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు దాచాలన్నది అందుకే. ఆయాసం ఉన్నా లేకపోయినా, డాక్టరు దగ్గర ‘రిటైర్డ్’ అని ఊరుకోకుండా, బ్రేకులు చూశానని చెప్పండి. సిగరెట్టు అలవాటుంటే ఈరోజే మానండి, పొగా పోగూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం కూడిక కాదు, దాదాపు గుణకారం.