బుజ్జికి వచ్చిన సొసైటీ పిలుపు

తెనాలి,
ఆదివారం.

చిరంజీవులు బుజ్జికీ చిన్నోడికీ తాతయ్య ఆశీర్వదించి రాసేది ఏమంటే, ఇక్కడ అంతా క్షేమం. అమ్మమ్మ మోకాళ్ల నొప్పులు తప్ప కొత్త విశేషాలేం లేవు.

మొన్న వీడియో కాల్‌లో బుజ్జి "తాతయ్యా, నన్ను ఇంగ్లీష్ ఆనర్ సొసైటీలోకి పిలిచారు" అంది. సొసైటీ అనగానే నాకు తట్టింది యూరియా బస్తాల కోసం పాస్‌బుక్ పట్టుకుని క్యూలో నిలబడే మన ఊరి సహకార సంఘం. చిన్నోడేమో "అది క్లబ్బా, ప్రైజా?" అన్నాడు. మీ అమ్మ "కాలేజీ అప్లికేషన్‌లో పనికొస్తుంది నాన్నా" అంది. ఇంతలో నెట్ పోయింది. ముప్ఫై ఏళ్లు తెలుగు మాస్టారుగా చేసినవాణ్ణి, తెలియదని ఊరుకోబుద్ధి కాలేదు. కూర్చుని చదివి, తెలిసింది రాస్తున్నాను.

బాగా చదివే పిల్లల్ని ఏరి, గౌరవంగా చేర్చుకునే సంఘాన్ని ఆనర్ సొసైటీ అంటారట. మీ అమెరికాలో ఇది బాగా పాత అలవాటే. 1776 జులైలో అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకుందా, అదే ఏడాది డిసెంబర్ 5న వర్జీనియాలో విలియం అండ్ మేరీ కాలేజీ కుర్రాళ్లు కొందరు ఫై బీటా కాపా అని ఓ సంఘం పెట్టుకున్నారు. మొదట్లో అది రహస్య సంఘం. చెయ్యి కలపడానికి కూడా వాళ్లకో గుర్తు ఉండేది. ఇంత గుట్టుగా లోపల ఏం చేశారయ్యా అంటే, వ్యాసాలు రాసి చదువుకోవడం, వాదించుకోవడం! పేరులో ఉన్నవి మూడు గ్రీకు అక్షరాలు. 'జ్ఞానం మీద ప్రేమే బతుక్కి చుక్కాని' అనే అర్థం వచ్చే గ్రీకు మాటల పొడి అక్షరాలు అవి. తర్వాత వచ్చిన సంఘాలు చాలావరకు అదే పద్ధతిలో గ్రీకు పేర్లు పెట్టుకున్నాయి.

ఇంగ్లీషు చదివే కాలేజీ పిల్లలకు 1924లో సౌత్ డకోటాలో ఒకటి మొదలైంది. పేరు సిగ్మా టౌ డెల్టా. సిన్సియారిటీ, ట్రూత్, డిజైన్ అనేవి వాళ్లు పెట్టుకున్న మూడు మాటలు. నిజాయితీ, సత్యం, తీర్చిదిద్దిన రాత అనుకోవచ్చు. ఇంగ్లీషులో పొడి అక్షరాలు కలిపితే ఎస్టీడీ. మీ అమ్మ హాస్టల్లో ఉన్నప్పుడు నేను రాత్రి తొమ్మిది దాటాక, రేటు తగ్గిందని చూసుకుని, పరుగెత్తింది ఎస్టీడీ బూత్‌కే. అమ్మని అడగండి, చెబుతుంది.

ఆ సిగ్మా టౌ డెల్టా వాళ్లే హైస్కూలు పిల్లల కోసం 2005లో నేషనల్ ఇంగ్లీష్ ఆనర్ సొసైటీ పెట్టారు. బుజ్జికి పిలుపు వచ్చింది దీని నుంచే. స్కూల్లో శాఖ ఉండాలి, దాన్ని నడిపే టీచరు ఉండాలి. ఇంగ్లీషులో మంచి మార్కులు ఉన్నవాళ్లనే పిలుస్తారు. కాబట్టి చిన్నోడా, ప్రైజు అనడానికీ లేదు, క్లబ్బు అనడానికీ లేదు. మార్కులు గుమ్మం దాకా తీసుకొస్తాయి, లోపలికి వచ్చాక పని చెబుతారు.

ఒక్క జాగ్రత్త. 'మీ అమ్మాయి ఎంపికైంది, ఇంత డబ్బు కట్టండి' అని ఆనర్ అనే మాట తగిలించి ఇంటికి ఉత్తరాలు పంపేవాళ్లూ ఉన్నారట. డబ్బు అడగడమే తప్పని కాదు, అసలైన సంఘాలకీ సభ్యత్వ రుసుం ఉంటుంది. కానీ కట్టేముందు మీ ఇంగ్లీషు టీచర్ని ఒక్క మాట అడగండి.

ఇక ఆ పని సంగతి. చిన్న క్లాసుల పిల్లల చేత చదివించడం, పుస్తకాలు పోగుచేసి లేనివాళ్లకు ఇవ్వడం, స్కూలు పత్రిక తేవడం, ఇలాంటివి. రెండో క్లాసు పిల్లాడు ఒకడు నీ వంతుకు వచ్చాడనీ, ప్రతి మాటా మింగేస్తాడనీ చెప్పావు కదా బుజ్జీ. నాకు నవ్వొచ్చింది. నేనూ మింగేవాణ్ణే.

నాకు పదకొండేళ్లప్పుడు ఊళ్లో టీ కొట్టు దగ్గర పొద్దున్నే పేపరు పైకి చదివేవాణ్ణి. చదువు రాని రైతులు బల్ల మీద కూర్చుని వినేవాళ్లు. నేను క్లాసులో ఫస్టు, అందుకని రైలులా చదివేవాణ్ణి. ఓ రోజు 'బంగాళాఖాతంలో వాయుగుండం' అని గడగడా చదివేసి పేజీ తిప్పాను. ఓ పెద్దాయన చుట్ట నోట్లోంచి తీసి, "ఆగు అబ్బాయ్. వాయుగుండం అంటే? వానేనా? ఎప్పుడు? మన వైపేనా?" అన్నాడు. నాకు తెలియలేదు. మాట చదివాను గానీ లోపల ఏముందో చూడలేదు. ఆయన వరి కోసి పనల మీద ఉంది. తడిస్తే మొలకెత్తిపోతుంది. మళ్లీ మొదట్నుంచి, వేలు పెట్టుకుని, ఒక్కో మాటా చదివాను. తీరం దాటేది ఎక్కడో, ఎన్ని గంటల్లోనో అందులోనే ఉంది. ఆయన టీ సగం వదిలేసి పొలానికి పరుగెత్తాడు. మధ్యాహ్నానికి కుప్పలు పడ్డాయి. నాకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు గానీ, కొట్టు ఆయన మర్నాటి నుంచి అర గ్లాసు టీ ఊరికే ఇచ్చేవాడు.

అందుకని ఆ పిల్లాడు మింగితే తొందరపెట్టకు. వాడికి ఏం కావాలో కనుక్కో. డైనోసార్లా, లారీలా? అది ఉన్న పుస్తకం తీసుకెళ్లు. మాట దగ్గర ఆగితే నువ్వు వెంటనే అందించకు. పది అంకెలు లోలోపల లెక్కపెట్టు. నేను క్లాసులో అదే చేసేవాణ్ణి, ఆరు దగ్గరే చాలామంది చెప్పేసేవాళ్లు.

చేర్చుకునే రోజు కొవ్వొత్తులు వెలిగించి ప్రమాణం చేయిస్తారని అన్నావు. అమ్మమ్మకి అది బాగా నచ్చింది. జుట్టు వదిలేసుకుని దీపం దగ్గరికి వంగొద్దని, జడ వేసుకుని వెళ్లమని చెప్పమంది. చిన్నోణ్ణి ఫొటోలు తీయమను.

ఇట్లు,
తాతయ్య