లొకేషన్ సెట్టింగ్స్: ఒక్కో ఆప్షన్ వెనక ఒక్కో గొడవ

ఫోన్‌లో ఏదో ఒక యాప్ తీసుకుని దాని లొకేషన్ సెట్టింగ్ తెరిచి చూడండి. ఎప్పుడూ ఇవ్వొచ్చు, యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే ఇవ్వొచ్చు, ప్రతిసారీ అడగమనొచ్చు, అసలు ఇవ్వకపోవచ్చు. కింద ఇంకో స్విచ్, ఖచ్చితమైన లొకేషన్ కావాలా సుమారుగా చాలా అని. ఇవన్నీ ఫోన్‌తోపాటే పుట్టినట్టు అనిపిస్తాయి గానీ, స్మార్ట్‌ఫోన్లు వచ్చిన కొత్తలో వీటిలో చాలావరకు లేవు. ఎవరో దొరికిపోయాక, పేపర్లలోకి ఎక్కాక, కోర్టుల దాకా వెళ్లాక ఒక్కొక్కటే వచ్చి చేరాయి. ఆ గొడవలేంటో తెలిస్తే ఏ స్విచ్ దేన్ని ఆపుతుందో, ఏది దాని చేతిలో లేదో కూడా తెలుస్తుంది.

ముందు ఒక అపోహ తీసేయాలి. పైనుంచి శాటిలైట్ మనల్ని చూస్తోందని చాలామంది అనుకుంటారు. జీపీఎస్ శాటిలైట్‌కి మీ ఫోన్ ఉన్నట్టే తెలీదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ తానెక్కడుందో, టైమ్ ఎంతో చెప్పుకుంటూ పోవడమే దాని పని. ఫోన్ నాలుగైదు శాటిలైట్ల మాట విని, ఏ సిగ్నల్ ఎంత ఆలస్యంగా అందిందో చూసి, తానెక్కడుందో తనే లెక్క కట్టుకుంటుంది. రేడియో విన్నంత మాత్రాన స్టేషన్ వాళ్లకి మన ఇల్లు తెలిసిపోదు కదా, ఇదీ అంతే. ఇది అమెరికా సైన్యం కోసం కట్టుకున్న వ్యవస్థ. 1983లో దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లిన కొరియన్ ప్రయాణికుల విమానాన్ని సోవియట్ సైన్యం కూల్చేయడంతో 269 మంది చనిపోయాక, ఇది సిద్ధమయ్యాక మామూలు జనం కూడా వాడుకోవచ్చని రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. ఇచ్చారు గానీ కావాలనే కొంత తప్పు కలిపి ఇచ్చారు, వంద మీటర్ల దాకా తేడా వచ్చేలా. 2000 మే నెలలో క్లింటన్ ఆ కల్తీ ఆపించాక రాత్రికి రాత్రే లెక్క ఎంతో మెరుగుపడింది. కారులో దారి చూపించే పెట్టెలు, తర్వాత ఫోన్లు దీనికి ఎగబడింది అందుకే.

నిజంగా మన జాడ తెలిసేది టవర్‌కి.

మీకు కాల్ రావాలంటే మీరు ఏ టవర్ల పరిధిలో ఉన్నారో నెట్‌వర్క్‌కి తెలిసి తీరాలి. అందుకే ఫోన్ జేబులో ఊరికే ఉన్నా అప్పుడప్పుడు నేనిక్కడున్నానని టవర్‌కి చెప్పుకుంటూ ఉంటుంది. ఇందులో దొంగతనం ఏమీ లేదు, మొబైల్ ఫోన్ పని చేసే పద్ధతే అది. లొకేషన్ ఆఫ్ చేసినా ఇది ఆగదు, జీపీఎస్ లేని పాత బటన్ ఫోన్‌లోనూ ఆగదు. కాల్ ఎక్కడ మొదలైంది, ఏ టవర్ మీద నడిచింది అనే వివరం కంపెనీ రికార్డుల్లోకి చేరుతుంది. దీనికి అత్యవసర కాల్స్ తోడయ్యాయి. ల్యాండ్‌లైన్ నుంచి అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే అడ్రస్ రికార్డుల్లో ఉంటుంది, మొబైల్ నుంచి చేస్తే ఎక్కడికి రావాలో చెప్పలేని మనిషిని ఎలా వెతకాలి? అందుకని 1996లో అమెరికా టెలికాం సంస్థ ఎఫ్‌సీసీ, అత్యవసర నంబర్‌కి కాల్ చేసినవాళ్లు ఎక్కడున్నారో మొబైల్ కంపెనీలు చెప్పగలగాలని రూల్ పెట్టింది. మంచి రూలే, దానివల్ల ప్రాణాలు నిలబడ్డాయి. కానీ ఒక పని కోసం కట్టిన యంత్రం ఆ ఒక్క పనికే ఉండిపోదు. ఈ మొత్తం చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపించేది అదే. ఒక అవసరానికి తీసుకుంటారు, రికార్డు మిగులుతుంది, ఆ రికార్డుకి ఇంకెవరో ఇంకో ఉపయోగం కనిపెడతారు.

ఆ రికార్డు ఎలా ఉంటుందో జనం కళ్లకు కట్టినట్టు చూసింది 2011లో. జర్మనీలో గ్రీన్ పార్టీ నాయకుడు మాల్టే స్పిట్జ్ తన గురించి ఏం దాచారో ఇవ్వమని ఫోన్ కంపెనీ డాయిచ్ టెలికామ్‌ని అడిగాడు, ఇవ్వకపోతే కోర్టుకెక్కాడు. చివరికి చేతికొచ్చింది ఆరు నెలల డేటా, 35,830 లైన్లు. దాన్ని ఆయన జైట్ ఆన్‌లైన్ అనే జర్మన్ వార్తా సైట్‌కి ఇస్తే, వాళ్లు ఆయన బయటికి చెప్పుకున్న ట్వీట్లు, బ్లాగ్ రాతలు కూడా జోడించి మ్యాప్ మీద నడిపించారు. ఒక చుక్క రైలెక్కుతుంది, దిగుతుంది, మీటింగ్‌కి వెళ్తుంది, రాత్రి ఒకచోట ఆగుతుంది. కాల్స్‌లో ఏం మాట్లాడాడో అందులో ఒక్క ముక్క కూడా లేదు. అయినా ఆ మనిషి ఆరు నెలల బతుకు అక్కడే ఉంది. ప్రైవసీ గురించి ఎన్ని వ్యాసాలు రాసినా ఆ కదిలే చుక్క చేసిన పని చేయలేవు.

అదే ఏడాది ఏప్రిల్‌లో ఇంకోటి పేలింది. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌లో జీపీఎస్ లేదు, అది టవర్లు, వైఫైలను బట్టి స్థలం పట్టేది. వైఫైతో ఎలా అంటే, కొన్ని కార్లు వీధులన్నీ తిరుగుతూ ఏ రూటర్ సిగ్నల్ ఎక్కడ దొరుకుతోందో రాసుకుంటూ పోతాయి. ఆ తర్వాత మీ ఫోన్‌కి చుట్టూ ఏ రూటర్లు కనిపిస్తున్నాయో చెబితే చాలు, మీరెక్కడో తేలిపోతుంది. అంటే ఇంట్లో పెట్టుకున్న వైఫై డబ్బా ఊరందరికీ మైలురాయి అయింది, మనల్ని ఎవరూ అడక్కుండానే. (2010లో గూగుల్ స్ట్రీట్ వ్యూ కార్లు రూటర్ల జాబితాతో ఆగకుండా, పాస్‌వర్డ్ లేని వైఫైల మీద పోతున్న డేటా ముక్కల్ని కూడా పట్టుకున్నాయని బయటపడి చాలా దేశాల్లో విచారణలు జరిగాయి.) సరే, 2011కి వద్దాం. ఐఫోన్‌లో ఒక ఫైల్ ఉందని, అందులో టైమ్‌తో సహా ఏడాది దాకా జాడలు పోగుపడుతున్నాయని, అది కంప్యూటర్‌లో చేసే బ్యాకప్‌లోకి కూడా చేరుతోందని అలస్డేర్ అలన్, పీట్ వార్డెన్ అనే ఇద్దరు చూపించారు. అవి మీరున్న చోట్లు కావు, మీ చుట్టుపక్కల టవర్ల, వైఫైల చోట్లు, అంతకాలం దాచడం మాత్రం పొరపాటేనని ఆపిల్ చెప్పింది. ఎదురింటి అడ్రస్ రాసుకుని మీ ఇల్లు మాకు తెలీదన్నట్టుంది ఆ జవాబు. మరుసటి నెలలోనే అప్‌డేట్ ఇచ్చి నిల్వ కాలం తగ్గించారు.

ఇక్కడిదాకా పెద్ద కంపెనీల సంగతి. అసలు మురికి యాప్‌లలో ఉంది.

2013లో అమెరికా వినియోగదారుల సంస్థ ఎఫ్‌టీసీ ఒక టార్చ్ యాప్‌ని పట్టుకుంది. టార్చే, లైట్ వెలిగించడం తప్ప ఇంకేం చేయనిది, కోట్లసార్లు డౌన్‌లోడ్ అయింది. అది లొకేషన్‌నీ, ఫోన్ గుర్తింపు నంబర్‌నీ యాడ్ కంపెనీలకు పంపుతోంది. షరతులకు ఒప్పుకుంటారా లేదా అని స్క్రీన్ మీద బటన్లు చూపించేది గానీ, మీరు ఏదీ నొక్కకముందే పంపడం మొదలైపోయేది. అప్పట్లో ఆండ్రాయిడ్‌లో ఏ యాప్ అయినా ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అడిగినవన్నీ ఇవ్వాలి, లేదంటే యాప్ వదులుకోవాలి. ఒక్కో అనుమతికి విడిగా కాదనే వీలు మామూలు వాళ్లకి దొరికింది 2015లో, ఆండ్రాయిడ్ 6తో. ఐఫోన్‌లో 2014లోనే 'వాడుతున్నప్పుడు మాత్రమే' వచ్చింది కానీ కొన్ని యాప్‌లు తెలివిగా దాన్ని చూపించకుండా ఎప్పుడూ ఇస్తావా, అసలు ఇవ్వవా అని రెండే పెట్టేవి. ఆ ఆటకి 2017లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11 అడ్డు వేసింది. 'ఈ ఒక్కసారికి' అనేది ఐఫోన్‌లో 2019లో, ఆండ్రాయిడ్‌లో 2020లో వచ్చింది. 'సుమారుగా చాలు' అన్నది ఐఫోన్‌లో 2020, ఆండ్రాయిడ్‌లో 2021.

టార్చ్‌కి మన అడ్రస్‌తో ఏం పని అంటే, టార్చ్‌కి లేదు, యాడ్స్‌కి ఉంది. యాప్ తయారుచేసేవాళ్లు యాడ్ కంపెనీలో, డేటా కంపెనీలో ఇచ్చిన కోడ్‌ని తమ యాప్‌లో కలుపుతారు, దానికి డబ్బులొస్తాయి. యాప్‌కి మీరిచ్చిన అనుమతి ఆ కోడ్‌కీ వర్తిస్తుంది. ఇక స్క్రీన్ మీద యాడ్ పడే ముందు కనురెప్ప పాటులో ఒక వేలం జరుగుతుంది. ఫలానా యాడ్ ఐడీ (యాడ్‌ల కోసం ఫోన్‌కి ఇచ్చే గుర్తింపు నంబర్) ఉన్న ఫోన్, ఫలానా చోట ఉంది, ఎంతకి కొంటారు అని బోలెడు కంపెనీలకు కబురు వెళ్తుంది. గెలిచేది ఒకరే, చూసింది అందరూ. ఓడినవాడికి కూడా సరుకు మిగిలే వేలం నాకు తెలిసి ఇదొక్కటే. అలా పోగేసిన డేటాని అమ్ముకోవడమే పనిగా పెట్టుకున్నవాళ్లే డేటా బ్రోకర్లు.

వాళ్ల సమాధానం ఎప్పుడూ ఒకటే, ఇందులో పేర్లు లేవు కదా అని. 2013లో ఇవ్-అలెగ్జాండర్ డి మాంట్‌జోయ్, ఆయనతోటి పరిశోధకులు 15 లక్షల మంది 15 నెలల మొబైల్ రికార్డులు తీసుకుని చూశారు. ఏ చోట, ఏ గంటలో అన్న వివరం నాలుగు సందర్భాలకి తెలిస్తే చాలు, నూటికి 95 మందిని మిగతా అందరి నుంచి విడదీయొచ్చని తేలింది. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. రాత్రంతా ఒకే ఇంట్లో, పగలంతా ఒకే ఆఫీసులో ఉండే ఫోన్ ప్రపంచంలో ఎన్ని ఉంటాయి? 2019లో న్యూయార్క్ టైమ్స్ చేతికి ఇలాంటి ఫైల్ ఒకటి చిక్కింది, 1.2 కోట్లకు పైగా ఫోన్లు, 5,000 కోట్ల జాడలు. పేర్లు లేకపోయినా మనుషుల్ని వెతికి పట్టుకుని మాట్లాడగలిగారు. అంతకుముందు 2018 జనవరిలో వ్యాయామాల యాప్ స్ట్రావా, జనం ఎక్కడెక్కడ పరిగెడుతున్నారో అందరివీ కలిపి వేసిన మ్యాప్‌లో, అఫ్గానిస్థాన్, సిరియా లాంటి చోట్ల సైనిక స్థావరాల ఆకారాలే మెరుస్తూ కనిపించాయి. పట్టుకున్నది ఒక ఆస్ట్రేలియా విద్యార్థి. అందులోనూ ఎవరి పేరూ లేదు.

టవర్ల రికార్డులూ బజారుకెక్కాయి. 2019 జనవరిలో ఒక విలేకరి 300 డాలర్లు ఇచ్చి అమెరికాలో ఒక ఫోన్ ఎక్కడుందో కనుక్కోగలిగాడు. టెలికాం కంపెనీలు మధ్యవర్తులకు అమ్మితే, వాళ్లు ఇంకొకరికి, వాళ్లు మరొకరికి అమ్మి, చివరికి పరారీలో ఉన్నవాళ్లని పట్టిచ్చి డబ్బులు తీసుకునేవాళ్ల దాకా చేరింది. 2024లో ఎఫ్‌సీసీ అక్కడి పెద్ద కంపెనీలకు అన్నిటికీ కలిపి దాదాపు 20 కోట్ల డాలర్ల జరిమానా వేస్తే, అవి దాని మీద కోర్టులకు వెళ్లాయి.

కోర్టుల కథ వేరే ఉంది. మీరు ఒక కంపెనీకి చేతులారా ఇచ్చిన సమాచారం మీద మీకు ప్రైవసీ ఏంటి అన్నది అమెరికాలో 1970ల నాటి వాదన, నొక్కిన ఫోన్ నంబర్ల గురించి 1979లో వచ్చిన తీర్పు దానికి ఆధారం. 2018 కార్పెంటర్ కేసులో అది బీటలు వారింది. దొంగతనాల కేసులో పోలీసులు వారెంట్ లేకుండా ఒక మనిషి 127 రోజుల టవర్ రికార్డులు తెచ్చుకున్నారు, 12,898 చోట్లు. ఇది కాలికి ట్రాకర్ కట్టినట్టేనని, మామూలుగా వారెంట్ ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. తలుపు మూసుకుంది అనుకునేలోపు కిటికీ కనిపెట్టారు. అక్కడి ప్రభుత్వ సంస్థలు కొన్ని బ్రోకర్ల దగ్గర డబ్బిచ్చి డేటా కొంటున్నాయని 2020లో బయటపడింది. కొనుక్కునేదానికి వారెంట్ ఎందుకన్నది వాళ్ల లెక్క. భారత సుప్రీంకోర్టు ముందుకు ఇది ఇంకో రూపంలో వచ్చింది. నిందితుడు మ్యాప్స్‌లో పిన్ పెట్టి తన లొకేషన్ దర్యాప్తు అధికారికి కనబడేలా ఉంచాలని బెయిల్‌కి పెట్టిన షరతు చెల్లదని, అది ప్రైవసీ హక్కుకి విరుద్ధమని 2024 జులైలో చెప్పింది.

గూగుల్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే స్విచ్ ఉండి కూడా మోసపోవచ్చని తెలిసింది అక్కడే. లొకేషన్ హిస్టరీ, అంటే మీరు తిరిగిన చోట్ల చిట్టా, ఆఫ్ చేసినా జాడలు నిల్వ అవుతూనే ఉన్నాయని 2018లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ రాసింది. పూర్తిగా ఆపాలంటే వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ అనే ఇంకో స్విచ్ కూడా ఆపాలి, ఆ పేరులో లొకేషన్ అన్న మాటే లేదు. ఈ గొడవ 2022లో అమెరికాలోని 40 రాష్ట్రాలకు 39.15 కోట్ల డాలర్లు కట్టి తేల్చుకోవడంతో ఒక కొలిక్కి వచ్చింది. ఈలోగా పోలీసులు కొత్త దారి పట్టారు. మ్యాప్ మీద గీత గీసి, ఈ టైమ్‌లో ఈ గీత లోపల ఉన్న ఫోన్లన్నీ ఇవ్వమని గూగుల్‌కి వారెంట్ పంపడం. నేరం చేసినవాడితోపాటు ఆ దారిన పోయినవాళ్లందరూ ఆ జాబితాలోకి వస్తారు. 2023 డిసెంబర్‌లో గూగుల్ ఆ హిస్టరీని తన సర్వర్ల నుంచి తీసి ఎవరి ఫోన్‌లో వాళ్లకే ఉంచేలా మారుస్తున్నట్టు ప్రకటించింది. తన దగ్గర లేనిదాన్ని ఎవరూ అడగలేరు. ఇన్నేళ్లలో వచ్చిన మార్పుల్లో నాకు నిజంగా నచ్చింది ఇదే.

ఇలా ముందే ఆలోచించి కట్టొచ్చని 2020లోనే ఒకసారి రుజువైంది. కోవిడ్ సోకినవాళ్ల దగ్గర ఎవరున్నారో తెలియడానికి ఆపిల్, గూగుల్ కలిసి తయారుచేసిన పద్ధతి లొకేషన్ అసలు తీసుకోలేదు, పక్కపక్కన ఉన్న ఫోన్లు బ్లూటూత్‌తో మారిపోయే అంకెల్ని ఇచ్చిపుచ్చుకునేవి, అంతే.

ఇప్పుడు ఆ సెట్టింగ్స్ పేజీకి మళ్లీ వెళ్లండి. వాతావరణం యాప్‌కి సుమారుగా చాలు, మీ గుమ్మం ముందు వానా పక్కింటి ముందు వానా ఒకటే. 'ఎప్పుడూ' అన్నది ఏ యాప్‌కి ఇచ్చారో చూసి, ఎందుకిచ్చారో గుర్తు రాకపోతే తీసేయండి. ఆండ్రాయిడ్‌లో అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చేసే ఆప్షన్ ఉంది, ఐఫోన్‌లో ట్రాకింగ్‌కి యాప్‌లు అడక్కుండానే వద్దనే స్విచ్ ఉంది. రోజూ పోగుపడే జాడల్ని ఒకరికి అతికించే జిగురు ఆ ఐడీనే కాబట్టి, బ్రోకర్లకి ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే అని నా అభిప్రాయం. తెలియని ట్రాకర్ మీ వెంట వస్తోందన్న హెచ్చరికని ఆపకండి. వస్తువులు వెతుక్కోవడానికని 2021లో వచ్చిన ఎయిర్‌ట్యాగ్ అనే ఆపిల్ ట్రాకర్లతో మనుషుల్ని వెంటాడుతున్నారని గోల అయ్యాకే, 2024 మేలో ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండింటికీ కలిపి దాన్ని తెచ్చారు.

టవర్ దగ్గర మాత్రం ఇవేవీ పనిచేయవు. దానికున్న స్విచ్ ఎయిర్‌ప్లేన్ మోడ్ ఒక్కటే, అది వేస్తే కాల్ కూడా రాదు.